బొడ్డు కోసే ముందు మూడు నిమిషాలు

పసిపిల్లల రక్తహీనత గురించి ఎవరు మాట్లాడినా రాగిజావ దగ్గర మొదలుపెట్టి ఐరన్ మందు దగ్గర ఆపుతారు. నేనూ ఏళ్ళ తరబడి అవే చెప్పాను, ఇప్పుడు అడిగినా చెబుతాను. కానీ లేబర్ రూములో పనిచేసి, తర్వాత నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి నాకు ముందు తోచే ప్రశ్న వేరు. పాలిపోయిన తొమ్మిది నెలల బిడ్డను చంకనేసుకొచ్చిన తల్లిని "ఏం పెడుతున్నావమ్మా?" అని అందరూ అడుగుతారు. "పుట్టిన ఎంతసేపటికి బొడ్డు కోశారు?" అని ఎవరూ అడగరు. అడిగినా ఆ తల్లికి తెలియదు. ఆ సంగతి ఏ కాగితం మీదా ఉండదు.

ముందు లెక్క చూడండి. నెలలు నిండిన బిడ్డ బయటపడిన క్షణాన, బిడ్డకూ మాయకూ కలిపి ఉన్న రక్తంలో దాదాపు మూడోవంతు మాయలోనే ఉంటుంది. అది తల్లి రక్తం కాదు, బిడ్డదే. బొడ్డుతాడు జోలికి పోకుండా ఉంటే మొదటి నిమిషంలో సుమారు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు వంద దాకా బిడ్డ ఒంట్లోకి చేరిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తం చిక్కగా ఉంటుంది. వంద మిల్లీలీటర్లకు 17 గ్రాముల దాకా హిమోగ్లోబిన్, ప్రతి గ్రాములో 3.4 మిల్లీగ్రాముల ఇనుము. ఆ 80 మిల్లీలీటర్లలో ఉన్నది ఇంచుమించు 46 మిల్లీగ్రాములన్నమాట.

46 మిల్లీగ్రాములు ఏపాటి అనిపిస్తుంది. తల్లిపాల పక్కన పెట్టి చూడండి. లీటరు తల్లిపాలలో ఉండే ఇనుము అర మిల్లీగ్రాము కూడా కాదు, 0.35 దగ్గర ఉంటుంది. బిడ్డ రోజుకు ముప్పావు లీటరు తాగి, అందులోని ఇనుములో సగం ఒంటికి పట్టించుకున్నా 0.13 మిల్లీగ్రాములు. అంటే ఒక్క నిమిషం ఆగితే వచ్చే ఇనుము పాల ద్వారా రావడానికి ఇంచుమించు ఏడాది పడుతుంది. తల్లిపాలను తప్పుపడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. బిడ్డ తన వాటా ఇనుము వెంట తెచ్చుకుని పుడుతుందన్న భరోసా మీదే ఆ పాలు అలా తయారయ్యాయి. పుట్టాక మొదటి రెండు మూడు నెలల్లో అదనపు ఎర్రకణాలు విరిగిపోతాయి. వాటిలోని ఇనుమును ఒళ్ళు పారేయదు, దాచుకుంటుంది. ఆ నిల్వ మీదే బిడ్డ నాలుగు నుంచి ఆరు నెలల దాకా నెట్టుకొస్తుంది. వాటాలో కొంత మాయతో పాటే గోతిలోకి పోతే ఆ నిల్వ ముందే అడుగంటుతుంది.

ఇనుము లెక్క తెలియని కాలంలో కూడా ఈ రక్తం సంగతి గమనించినవాళ్ళున్నారు. పుట్టి కదలకుండా పడున్న బిడ్డకు, తాడులోని రక్తాన్ని నేర్పరి మంత్రసానులు వేళ్ళతో బిడ్డ వైపు నొక్కి పంపుతారని అరిస్టాటిల్ జంతువుల గురించి రాసిన గ్రంథంలోనే ఉంది. 1773లో మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ వైట్, బిడ్డ బయటికొచ్చీ రాగానే తాడు కట్టేసే అలవాటును తిట్టిపోశాడు. చార్లెస్ డార్విన్ తాతగారు ఎరాస్మస్ డార్విన్ వృత్తిరీత్యా వైద్యుడు. తొందరపడి బొడ్డు కట్టడం బిడ్డకు హాని అనీ, బిడ్డ పలుమార్లు ఊపిరి తీసి, తాడులో కొట్టుకోవడం ఆగేదాకా ఉండాలనీ 1801లోనే రాశాడు. ఇవన్నీ అనుభవజ్ఞుల మాటలు. కొలత చూపించినవాడు పియేర్ బుదాన్. 1875లో, ఇంకా ముప్పై నిండకుండానే, పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో వెంటనే తాడు కట్టిన కాన్పుల్లో మాయలో మిగిలిన రక్తాన్నీ, ఆగి కట్టిన కాన్పుల్లో మిగిలినదాన్నీ కొలిచి పోల్చాడు. తేడా 90 మిల్లీలీటర్లకు పైనే వచ్చింది. ఇవాళ్టి పరికరాలు చెప్పే అంకెకు అది ఎంత దగ్గరో చూడండి. తర్వాత ఇదే బుదాన్ పారిస్‌లో పసిపిల్లల బరువు చూసి తల్లులకు సలహాలిచ్చే క్లినిక్కులు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. బొడ్డు మీద ఆయన రాసింది మాత్రం జనం మరిచారు.

రోగం వైపు కథ లండన్‌లో నడిచింది. 1920లలో తూర్పు లండన్ పేదపేటల పిల్లలు వచ్చే హ్యాక్నీ రోడ్డు క్వీన్స్ పిల్లల ఆసుపత్రిలో హెలెన్ మెకే అనే డాక్టరమ్మ ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వియన్నాలో హారియెట్ చిక్ బృందంతో కలిసి రికెట్స్ మీద పనిచేసి వచ్చిన మనిషి. పసివాళ్ళ రక్తం కొన్నాళ్ళకు పలచబడడం ప్రకృతి సహజమని అప్పటి పెద్ద డాక్టర్లు వదిలేసేవారు. ఆమె వదలలేదు. బిడ్డ తరవాత బిడ్డకు హిమోగ్లోబిన్ చూసింది. తల్లిపాలు తాగేవాళ్ళ కంటే డబ్బాపాలు తాగేవాళ్ళకు మరీ తక్కువగా ఉందని తేల్చింది. ఇనుము ఇస్తే అది పెరుగుతుందనీ, జబ్బులు కూడా తగ్గుతాయనీ చూపింది. 1928లో ఒక వ్యాసం, 1931లో పెద్ద నివేదిక. పసిపిల్లల రక్తహీనతను ముందే ఆపొచ్చు అనే మాటకు పునాది అదే. 1934లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌కు మొట్టమొదటి మహిళా ఫెలో అయిందామె. మా నర్సింగ్ పుస్తకాల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్‌కు ఇచ్చినన్ని పేజీలు వద్దుగానీ, ఈమెకు ఒక పేరా అయినా ఇవ్వాల్సింది.

బుదాన్ కొలిచిన రక్తాన్నీ, మెకే చూసిన జబ్బునూ ఒకచోటికి తెచ్చినవాళ్ళు షికాగోలో ఉన్నారు. 1941లో విల్సన్, విండిల్, ఆల్ట్ అనే ముగ్గురు ఒక వ్యాసం ప్రచురించారు. మాయలోని రక్తం దక్కకపోవడమే శిశువుల్లో ఇనుము లోపానికి ఒక కారణమని దాని శీర్షికే చెబుతుంది. వెంటనే బొడ్డు కట్టిన పిల్లల ఎర్రకణాల్లో ఎనిమిది, పది నెలల వయసు వచ్చేసరికి హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని వాళ్ళు చూపారు. 1941లో! తర్వాత డెబ్భై ఏళ్ళు ఈ మాటను అల్మారాలో పెట్టి తాళం వేశారు.

ఎందుకు పెట్టారంటే ఒక్క కారణం కాదు. పాశ్చాత్య దేశాల్లో కాన్పు ఇంటి నుంచి ఆసుపత్రి మంచం మీదికి మారింది. క్లోరోఫారం, ఈథర్ వచ్చాయి. మత్తులో పుట్టిన బిడ్డను గబుక్కున ఇంకొకరి చేతికి అందించి ఊపిరి సరిచూడాలి, తాడు ఉంటే అడ్డం. 1935లో ఎర్గోమెట్రిన్ దొరికింది. తల్లి రక్తస్రావాన్ని ఆపడంలో దానికి తిరుగులేదు. బిడ్డ రాగానే సూది, వెంటనే తాడుకు క్లాంపు, ఆ తర్వాత తాడు పట్టి మాయను లాగడం, ఈ మూడూ కలిసి ఒకే పద్ధతిగా స్థిరపడ్డాయి. సూది వేశాక గర్భసంచి గట్టిగా బిగిసి బిడ్డకు రక్తం ఎక్కువైపోతుందేమోనన్న భయం ఒకటి. తల్లికీ బిడ్డకూ ఆర్‌హెచ్ రక్తం కలవని కాన్పుల్లో త్వరగా కోయడం మంచిదన్న అభిప్రాయం ఒకటి. పసిరికలు ముదురుతాయన్న అనుమానం మరొకటి. సూది, క్లాంపు, తాడు లాగడం, ఈ మూడింట్లో తల్లి ప్రాణం కాపాడింది సూది మాత్రమే. తొందరగా కోయడానికి అందులో పాత్ర ఉందని ఎవరూ విడిగా రుజువు చేయలేదు. సూదికి వచ్చిన మంచిపేరు క్లాంపుకూ అంటుకుంది. మా కాలపు లేబర్ రూముల్లో అయితే ఇంకో కారణం కూడా ఉండేది, ఏ పుస్తకంలోనూ రాయనిది. పక్క టేబుల్ మీద మరొకామె నొప్పులు పడుతూ ఉంటుంది.

మన పల్లెల కథ దీనికి తలకిందులు. ఇక్కడ కాన్పు మంత్రసాని చేతిలో ఉండేది. మన మంత్రసాని అయినా, ఉత్తరాది దాయి అయినా, మాయ పడేదాకా బొడ్డు కోయకపోవడం ఈ దేశంలో చాలాచోట్ల ఆనవాయితీ. ముందే కోస్తే మాయ కడుపులో పైకెక్కిపోతుందని వాళ్ళ భయం. బిడ్డ ఏడవకపోతే మాయను వేడిచేసి తాడు గుండా బిడ్డకు ప్రాణం పంపే ప్రయత్నం చేసేవారని దాయిల గురించి పరిశోధించినవాళ్ళు నమోదు చేశారు. ఈ నమ్మకాలకు శరీరశాస్త్రం సాక్ష్యం పలకదు. కాకపోతే ఆ భయం పుణ్యమా అని బిడ్డ రక్తం బిడ్డకు చేరేది.

అదే చేత్తో చంపిన సంగతీ చెప్పాలి. పాత రోజులు బంగారమని పాడే పాట నాకు పడదు. కొడవలితోనో, వెదురు పేడుతోనో, ఉడుకు నీళ్ళు కూడా ఎరగని పాత బ్లేడుతోనో కోసి, పైన బూడిదో పేడో అద్దితే వారం తిరక్కుండా బిడ్డ దవడలు బిగుసుకుపోయేవి. ధనుర్వాతం. దాన్ని చూసినవాళ్ళు మంత్రసాని మంచితనం గురించి కవిత్వం రాయరు. 1885లో స్త్రీల వైద్యం కోసం డఫరిన్ ఫండ్, 1903లో లేడీ కర్జన్ చొరవతో దాయిల శిక్షణకు విక్టోరియా స్కాలర్‌షిప్ నిధి వచ్చాయి. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. మరుసటి ఏడు కేథరిన్ మేయో తన 'మదర్ ఇండియా'లో దాయిని రాక్షసిలాగే చిత్రించింది. ఆ పుస్తకంలో దురుద్దేశం ఉంది, మురికి గురించి చెప్పింది మాత్రం అబద్ధం కాదు. శుభ్రం కోసం సాగిన ఈ వందేళ్ళ పోరాటం గెలిచింది. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించిందని 2015లో ప్రకటించారు. నా వృత్తి జీవితంలో నేను చూసిన అతిపెద్ద విజయం అదే. కానీ మురికి కత్తిని తీసి పారేసిన చేత్తోనే ఆగడం అనే అలవాటునూ పారేశారు. రెండింటినీ విడదీసి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఎనభైలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మంత్రసానులకు శిక్షణ తరగతులు పెట్టేవాళ్ళం. గోదావరి లంకల వైపు ఒక తరగతిలో కొత్త బ్లేడు, ఉడికించిన దారం, సబ్బు అన్నీ చూపించి, బిడ్డ రాగానే రెండుచోట్ల కట్టి మధ్యలో కోయాలని చెబుతున్నాను. వెనక వరసలో ఒక మామ్మ, ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మనిషి, చెయ్యెత్తింది.

"మాయ పడకుండా కోస్తే అది పైకెక్కిపోదా నర్సమ్మా?"

"ఎక్కదు మామ్మా, గర్భసంచికి మించి ఎక్కడికీ పోదు."

"పోనీలే. తాడు ఇంకా కొట్టుకుంటుంటది కదా. బతికున్న తాడుని ఎట్టా కోత్తారు? కొట్టుకోడం ఆగాక కదా కోసేది?"

తరగతంతా నవ్వారు. నా చేతిలోని మాన్యువల్‌లో బ్లేడు గురించి ఉంది, దారం గురించి ఉంది, ఈ ప్రశ్న లేదు. మామ్మకు ఎరాస్మస్ డార్విన్ ఎవరో తెలియదు. ఆయన రాసిందే ఆవిడ అడిగింది.

జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1969లో స్టాక్‌హోంలో యావో, లిండ్ బృందం మాయ నుంచి బిడ్డకు రక్తం ఏ సెకనుకు ఎంత చేరుతుందో గ్రాఫు గీసి చూపారు. అది శరీరధర్మ శాస్త్రం, వార్డు దాకా రాలేదు. 2002లో ఢిల్లీ మౌలానా ఆజాద్ వైద్య కళాశాల వాళ్ళు నేరుగా మన సమస్య మీదే చెయ్యి వేశారు. రక్తం తక్కువున్న తల్లులనే తీసుకున్నారు. మాయ కిందికి జారేదాకా ఆగి కోసిన పిల్లలకు మూడు నెలల వయసులో హిమోగ్లోబిన్, ఇనుము నిల్వ రెండూ మెరుగ్గా ఉన్నాయి. నాకు అన్నిటికంటే విలువైన అధ్యయనం ఇదే, ఎందుకంటే మన వార్డుల్లో పడుకునేది ఆ తల్లులే. 2006లో మెక్సికో నగరంలో 476 తల్లీబిడ్డల జంటలతో చేశారు. రెండు నిమిషాలు ఆగినందుకు ఆరు నెలల నాటికి బిడ్డ ఒంట్లో 27 మిల్లీగ్రాముల ఇనుము ఎక్కువుంది. 2011లో స్వీడన్‌లో 400 మంది. తిండికి లోటులేని దేశం కదా, అక్కడేం తేడా ఉంటుందనుకుంటాం. నాలుగు నెలలకు ఇనుము లోపం వెంటనే కోసినవాళ్ళలో 5.7 శాతం, మూడు నిమిషాలు ఆగినవాళ్ళలో 0.6 శాతం. 2017లో కాఠ్మాండూ ఫలితం మనకు దగ్గరగా ఉంటుంది. ఎనిమిది నెలల పిల్లల్లో రక్తహీనత 82 శాతం నుంచి 73కు తగ్గింది. తగ్గింది నిజమే, మిగిలిన 73ను కూడా చూడాలి. ఆగడం ఒక్కటే చాలదని చెప్పేదీ ఆ అంకే.

భయపడ్డవేవీ పెద్దగా జరగలేదు. తల్లికి రక్తస్రావం పెరగలేదు. పసిరికలకు లైటు కింద పెట్టాల్సిన పిల్లలు కొద్దిగా పెరుగుతారు. అందుకే పుట్టిన మొదటి రోజుల్లో ఒంటిరంగు చూసుకోవాలి. ఊపిరి అందని బిడ్డ విషయంలో మాత్రం లెక్క వేరు. అంబు బ్యాగుతో ఊపిరి అందించాల్సి వస్తే ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పదు. 2012లో ఆ సంస్థ అన్ని కాన్పుల్లోనూ ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమంది, 2014లో దీని మీదే విడిగా మార్గదర్శకం తెచ్చింది. మన ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన అనీమియా ముక్త్ భారత్‌లో మాత్రలు, సిరప్పుల సరసన ఈ ఆగడాన్నీ చేర్చింది.

ఆ సిరప్పుకూ చరిత్ర ఉంది. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇనుము ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లోనే మొదలైంది. ఒంట్లో రక్తం లేని తల్లి బిడ్డకు నిల్వలోనూ తక్కువే ఇస్తుంది, అందుకని మాత్ర ఆమె దగ్గర మొదలైంది. 2013 నాటి పథకంతో ఆరు నెలలు దాటిన ప్రతి బిడ్డకూ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు, అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఇవ్వాలన్నారు. అందులో పదోవంతు ఒంటికి పట్టినా డోసుకు 2 మిల్లీగ్రాములు. మాయలో వదిలేసిన 46 మిల్లీగ్రాములను తిరిగి ఎక్కించాలంటే ఒక్క డోసూ తప్పకుండా మూడు నెలలు పోయాలి. ఇళ్ళల్లో జరిగేది వేరు. ఆశా కార్యకర్త సీసా ఇస్తుంది. రెండుసార్లు పోస్తారు, మలం నల్లగా వచ్చిందని భయపడి సీసాను దేవుడి గూట్లో పెడతారు. నల్లగా రావడం మామూలేనని అప్పుడే చెబితే సగం సీసాలు మిగలవు. గూడు మాత్రం పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి, సీసాడు ఒకేసారి తాగితే విషం.

తిండి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి పొడిగించను. ఆరో నెల దాటగానే పప్పు, ఆకుకూర, గుడ్డు, తినే ఇళ్ళల్లో మెత్తగా చేసిన కాలేయం. అంగన్‌వాడీ బాలామృతం బిడ్డకే పెట్టాలి, ఇంట్లో అందరూ తినేది కాదు. ఏడాది లోపు బిడ్డకు ఆవుపాలు, గేదెపాలు పట్టి కడుపు నింపేయడం మన వైపు పెద్ద బలహీనత. ఆ పాలలో ఇనుము చాలా తక్కువ, తిన్న ఇనుమును అవి ఒంటికి సరిగా పట్టనివ్వవు కూడా.

ఇప్పటి అంకెలకు వస్తాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. అంతకు ముందు సర్వే కంటే రెండుచోట్లా పెరిగింది. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 96 మందికి పైగా ఆసుపత్రుల్లోనే కంటున్నారు. తెలంగాణలో 60 శాతం దాటి సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. అంటే బొడ్డు ఎప్పుడు కోయాలో నిర్ణయించేది ఇప్పుడు మంత్రసాని కాదు, దాదాపు ప్రతి కాన్పులోనూ చదువుకున్న చేతులే. సిజేరియన్‌లోనూ ఆగవచ్చు. బిడ్డను తల్లి కాళ్ళ మధ్యో పొట్ట మీదో గుడ్డ కప్పి పెట్టి ఆగే డాక్టర్లున్నారు. ఆపరేషన్ లిస్టు పొడవుగా ఉందని ఆగనివాళ్ళూ ఉన్నారు.

ఈ మధ్య ఇంకో తొందర వచ్చి చేరింది. బొడ్డుతాడు రక్తాన్ని దాచుకోండి, రేపు మీ బిడ్డకు పనికొస్తుందని గర్భిణుల భర్తల వెంటపడే కంపెనీలు. సంచి నిండాలంటే మాయలో రక్తం ఉండాలి, ఉండాలంటే త్వరగా కోయాలి. వేలకు వేలు కట్టి, బిడ్డకు ఆ పూటే అందాల్సిన రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టిస్తారు. ఇలా ప్రైవేటుగా దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధన మండలి సమర్థించడం లేదు. కుటుంబంలో ఇప్పటికే ఒక బిడ్డకు దానితో నయమయ్యే జబ్బు ఉంటే అది వేరే మాట. మిగతావాళ్ళకు నా సలహా ఒక్కటే, ఆ రక్తానికి బిడ్డను మించిన బ్యాంకు లేదు.

నేను పనిచేసిన చోట్ల కేస్ షీటులో బిడ్డ పుట్టిన సమయం నిమిషంతో సహా రాసేవాళ్ళం. బరువు, ఏడుపు, మాయ పడిన సమయం అన్నిటికీ గడులుండేవి. బొడ్డు కోసిన సమయానికి గడి ఉండేది కాదు. రాయనిదాన్ని ఎవరూ లెక్క అడగరు. ఆసుపత్రుల్లో ఉన్న నా చెల్లెళ్ళకూ డాక్టర్లకూ నా విన్నపం ఇంతే: ఆ ఒక్క గడి గీయండి, గోడ గడియారం చూసి అంకె వేయండి. ఇంట్లో గర్భిణి ఉన్నవాళ్ళు తొమ్మిదో నెల చెకప్పుకు వెళ్ళినప్పుడే డాక్టరును అడగండి, బిడ్డ బాగా ఏడిస్తే మూడు నిమిషాలు ఆగి కోస్తారా అని. కాన్పు రోజున నొప్పుల మధ్య అడగడం కుదరదు.